ఆషాఢంలో ఇల్లు చూడండి

ఏటా జ్యేష్ఠమాసం ముగియగానే ఆషాఢం ప్రవేశిస్తుంది. పెళ్ళిపందిళ్ళు విప్పివేస్తారు, పురోహితులకు కొంత విశ్రాంతి లభిస్తుంది, కొత్తకోడళ్ళు పుట్టిళ్ళకు పయనమవుతారు. ఈ మాసంలోనే మన పట్టణాలలో మరొక వ్యవహారం కూడా మందగిస్తుంది. అది ఇండ్ల క్రయవిక్రయం. ఏండ్ల తరబడి రూపాయి రూపాయి కూడబెట్టి, బ్యాంకు అప్పుకు కావలసిన కాగితాలన్నీ సమకూర్చుకొని, ఆలుబిడ్డలతో వీధివీధీ తిరిగి ఇండ్లు చూస్తూ వచ్చిన గృహస్థు సైతం, ఆషాఢం పేరు వినగానే, "ఈ నెల పోనీండి, శ్రావణంలో చూద్దాం" అని ఆ ప్రయత్నాన్నంతటినీ కట్టిపెడతాడు.

నేడు నేను మీకు మనవి చేయదలచిన విషయం ఒక్కటే. ఆషాఢంలో ఇల్లు కొనడానికి మీ మనస్సు అంగీకరించకపోతే కొనకండి. కాని ఆషాఢంలో ఇల్లు చూడండి. మరల చెబుతున్నాను. పాలు పొంగించడానికి శ్రావణం ఉన్నది, మాఘం ఉన్నది, వైశాఖం ఉన్నది. ఇల్లు చూడటానికి మాత్రం ఆషాఢాన్ని మించిన మాసం లేదు.

ఆచారాన్ని ఆక్షేపించడం నా ఉద్దేశం కాదు. మన పూర్వులు ఈ మాసాన్ని శుభకార్యాలకు విడిచిపెట్టడంలో వ్యవసాయజీవనానికి ఎంతో అనుకూలమైన ఏర్పాటు కనిపిస్తుంది. జ్యేష్ఠపూర్ణిమనాడు ఏరువాక సాగి, తొలకరిజల్లుకు నేల పదునెక్కి, ఇంటిలోని ప్రతి చేయీ పొలంలో పనికి కావలసివచ్చే తరుణంలో, చేతనున్న ధనమంతా విత్తనాలకూ ఎరువులకూ వెచ్చించవలసిన తరుణంలో, పెండ్లికో గృహప్రవేశానికో పూనుకొనడం ఏ రైతుకూ సాధ్యమయ్యే పని కాదు. పైగా, ముసురుపట్టిన దినాలలో కట్టిన గోడ ఆరదు. కనుక ఆనాటి గృహస్థుకు ఆషాఢం ఆగవలసిన మాసమే. కాని నేడు ఇల్లు కొంటున్నవాడు ఆఫీసు ఉద్యోగి కావచ్చును, బడిపంతులు కావచ్చును, దుకాణదారు కావచ్చును. అతడు కొనే ఇల్లు ఇదివరకే కట్టి ఉన్నది. దానికి తడిసే కాలంతో నష్టం లేదు. తడిసినప్పుడే దాని గుణదోషాలు బయటపడతాయి.

మొదట బేరం సంగతి చూతము.

మన పంచాంగంలో గృహప్రవేశయోగ్యమైన దినాలు సంవత్సరం పొడుగునా సమానంగా పరచుకొని ఉండవు. ఆషాఢం పోయినది. భాద్రపదం పోయినది, అందులో రెండవపక్షం పితృదేవతలది. పుష్యం శూన్యమాసం. ఇవిగాక గురుమౌఢ్యమో శుక్రమౌఢ్యమో సంభవిస్తే ఆ దినాలన్నీ పోయినవి. అధికమాసం వచ్చిన ఏట ఇంకొక నెల పోయినది. మిగిలిన కొద్దిపాటి మంచిరోజులలోనే కొనదలచినవారందరూ ఒక్కసారిగా బయలుదేరుతారు. అందరూ బయలుదేరిన దినాన అమ్మేవాడు దిగివస్తాడా? రాడు. ఒక ఇంటికి ఉదయం ఇద్దరు, సాయంకాలం ముగ్గురు వచ్చి చూసిపోతున్నప్పుడు ఆ ఇంటి యజమాని మీ మాట ఎందుకు వింటాడు?

అదే ఇల్లు ఆషాఢంలో చూడబోయినారనుకొండి. వారానికి ఒక్కరు కూడా రాని కాలంలో మీరు వచ్చినారు. అతడు కుర్చీ వేస్తాడు, మంచినీళ్ళిస్తాడు, తీరికగా మాట్లాడతాడు. ధర ఉన్నపళంగా తగ్గిపోతుందని నేననను. గజం ధర ఇంత అని నోటితో ఒకసారి అన్నవాడు ఆ అంకెను మార్చడానికి సాధారణంగా ఒప్పుకోడు. మెత్తబడేవి తక్కిన షరతులు. మిగిలిన సొమ్ముకు గడువు పెంచడం, కారు నిలుపుకొనే చోటు ధరలో కలిపివేయడం, పగిలిన పిట్టగోడ తన ఖర్చుతో కట్టించి ఇవ్వడం, పాత కరెంటు బిల్లులు, పన్నుబకాయిలు తానే తీర్చివేయడం, ఇట్టివన్నీ ఆషాఢంలో అడిగితే దొరుకుతాయి. శ్రావణంలో అడిగితే దొరకవు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలసి ఉన్నది. ఎవరూ కొననికాలంలో అమ్మజూపుతున్నవానికి ఏదో ఒక అవసరం ఉంటుంది. పిల్లల కళాశాల ఫీజులు కట్టవలసి ఉండవచ్చును. దూరపు ఊరికి బదిలీ కావచ్చును. శ్రావణంలో కూతురి పెండ్లి పెట్టుకొని ఉండవచ్చును. ఇవన్నీ ధర్మమైన అవసరాలు. కాని కొందరిది అవసరం కాదు, ఆత్రం. అన్నదమ్ముల మధ్య వ్యాజ్యమున్నదనో, బ్యాంకువారు నోటీసు పంపినారనో, అది బయటికి పొక్కేలోపుగా వదిలించుకొనాలని తొందరపడేవారుంటారు. కనుక ఆషాఢంలో బేరమాడేవారు, ఆస్తిపై ఉన్న అప్పులను, లావాదేవీలను తెలిపే ఇ.సి.ని రెండింతల శ్రద్ధతో చూడవలెను. లింకు డాక్యుమెంట్లు, అనగా పూర్వపు దస్తావేజులు, అసలువి చూపుమని అడగవలెను. తీరిక ఉన్న మాసం కనుక దానికి వ్యవధికూడా ఉంటుంది.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయాన్నే గమనించండి. శ్రావణమాసపు ముహూర్తదినాన అక్కడ నిలబడటానికి చోటుండదు. పట్టుచీరలు, పూలదండలు, చేతిలో కాగితాల కట్టలు, వేలిముద్ర యంత్రం దగ్గర వరుస, వర్జ్యం వచ్చేలోపున సంతకం పడవలెనని ఇంటిపెద్ద తొందర. డాక్యుమెంటు రైటరు ఆస్తి షెడ్యూలును గడగడ చదివివేస్తాడు. తూర్పున ఎవరి స్థలం, పడమర ఎన్ని అడుగుల బాట, విస్తీర్ణం ఎన్ని గజాలు అన్నవి ఎవరి చెవినీ పడవు. అదే బల్లమీద, అదే రైటరు, ఆషాఢంలో ఒక మధ్యాహ్నంవేళ ఆ హద్దులను ఒక్కొక్కటిగా చదివి, "సరేనా అండీ? పాత దస్తావేజులో ఉత్తరపు హద్దు వేరే పేరున ఉన్నది, చూసుకొన్నారా?" అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న తరువాతి తరానికి కోర్టుఖర్చు తప్పించగలదు. ఆషాఢంలో సంతకం పెట్టడం మీకు ఇష్టం లేకపోయినా, ఆషాఢంలోనే ముసాయిదా వ్రాయించి చదివించుకొండి. సంతకం శ్రావణశుద్ధంలో పెట్టండి.

ఇంక వాన సంగతి. నా దృష్టిలో ఇదియే ముఖ్యవిషయం. బేరంలో లక్ష తగ్గినా పెరిగినా కాలక్రమాన మరచిపోగలము. వానకు మునిగే ఇంటిని కొన్నవాడు ఏటేటా ఆ సంగతి జ్ఞాపకం చేసుకొనవలసినదే.

నాకు ఆప్తుడైన ఒక ఉపాధ్యాయుడు ఉద్యోగవిరమణానంతరం విజయవాడలో స్థిరపడదలచి, ఫాల్గుణంలో ఒక ఇల్లు చూసినాడు. ముచ్చటైన ఇల్లు. కొత్తగా వేసిన రంగు, వీధిగుమ్మానికి మామిడాకు తోరణం, ముందు సిమెంటురోడ్డు, దానిమీద తెల్లని ముగ్గు. భార్యకు నచ్చినది. బయానా ఇవ్వబోయే సమయానికి కుమారుని పరీక్షలు అడ్డువచ్చి ఆలస్యమయినది. ఆషాఢంలో, రెండు గంటలపాటు జోరున కురిసిన వాన వెలిసిన తరువాత, దంపతులిద్దరూ మరల అక్కడికి వెళ్ళినారు. సిమెంటురోడ్డు కనిపించలేదు. ఎదురింటి ఇల్లాలు చేటతో గుమ్మంలోని నీరు తోడిపోస్తున్నది.

"అమ్మా, ఎప్పుడూ ఇంతేనా?" అని ఆయన అడిగినాడు.

"ఇది తక్కువేనండీ మాస్టారూ! మొన్న రాత్రివానకు మూడో మెట్టు దాకా వచ్చినాయి. మీరు కొంటారనుకొంటున్న ఆ ఇంటికి మెట్లు రెండే" అన్నది ఆమె.

మరి ఏ దస్తావేజు చెప్పగలదు ఆ మాట? ఏ ఇంజనీరు చెప్పగలడు? ఆయన ఆ వీధి వదలి, మెరకప్రాంతంలో ఇంకొక ఇల్లు వెదకుకొన్నాడు. బదిలీ ఉత్తర్వు చేతబట్టుకొన్న ఆ రెండవ ఇంటి యజమాని మిగిలిన సొమ్ముకు శ్రావణపౌర్ణమి దాకా గడువిచ్చినాడు.

విజయవాడ పేరు వచ్చినది కనుక బుడమేరును తలచుకొనక తప్పదు. 2024 సెప్టెంబరు 1వ తేదీన ఆ ఏరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచెత్తినది. క్రింది అంతస్తులు మునిగినవి; నీరు దినాల తరబడి కదలలేదు. పంచాంగం తీసి చూస్తే అవి శ్రావణబహుళపు చివరిదినాలు. శుభమాసంలోనే వరద వచ్చినది. అంతకు పూర్వం 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి హైదరాబాదులో కుంభవృష్టి కురిసి, చెరువులు పొంగి, వాటి దిగువనున్న కాలనీలు జలమయమైనప్పుడు అధిక ఆశ్వయుజం నడుస్తున్నది. వానకు ముహూర్తం లేదు. నేలకు పల్లం మాత్రం ఉన్నది. ఆ పల్లాన్ని చూపించేది వానాకాలమే.

హైదరాబాదులో చెరువుల చెంత ఇల్లు గాని స్థలం గాని కొనదలచినవారు ఈ మాట మరింత శ్రద్ధగా వినవలెను. వైశాఖంలో ఎండిన చెరువు అంచు చదునైన మైదానంవలె కనిపిస్తుంది. పిల్లలు క్రికెట్టు ఆడుతుంటారు. సున్నపుగీతలు గీసి, రాళ్ళు పాతి, ఆ స్థలాన్ని చూపినప్పుడు అది నీటి చోటు అన్న తలంపే రాదు. భాద్రపదంలో వెళ్ళి చూస్తే ఆ రాళ్ళు నీటిలో ఉంటాయి. చెరువు నిండినప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో దానికొక హద్దు ఉన్నది, ఎఫ్.టి.ఎల్. అని అధికారులు వ్యవహరించేది దానినే. కాగితం మీద ఆ గీతను చూడండి; వానాకాలంలో నీటి అంచును కూడా కన్నులారా చూడండి. 1908 సెప్టెంబరు 28న మూసీనది ఉగ్రరూపం ధరించి నగరాన్ని ధ్వంసం చేసిన తరువాతనే, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిర్మాణమైనవి. నీటికి చోటు విడువని నగరం ఎంత మూల్యం చెల్లించవలసివస్తుందో ఆనాడే తెలిసినది.

అపార్టుమెంటు చూడబోయినవారు పైఅంతస్తుకు పోవడానికి ముందు సెల్లారులోనికి దిగండి. వాన వెలిసిన మరునాడు దిగండి. నీరు తోడే మోటారు గొట్టం అక్కడ శాశ్వతంగా బిగించి ఉన్నదా? గోడమీద మోకాలెత్తున గోధుమరంగు చార ఉన్నదా? కరెంటు మీటర్ల పలకను తరువాతెప్పుడో పైకి జరిపిన జాడ ఉన్నదా? ఈ మూడింటిలో ఏది కనిపించినా అక్కడ నీరు నిలిచినదని అర్థం. ఆపైన ఇంటిలోనికి వెళ్ళి, కిటికీ మూలలు, స్నానాలగది వెలుపలి గోడ, చివరి అంతస్తయితే స్లాబు అడుగుభాగం చూడండి. నెమ్ము మొట్టమొదట అక్కడనే తెలుస్తుంది. పుట్టీ పెట్టి, రెండు పూతలు రంగు వేస్తే మాఘంలో ఏ గోడ అయినా అద్దంవలె మెరుస్తుంది. ఆషాఢశ్రావణాలలో ఆ రంగు క్రింద నీటిపొక్కులు లేస్తాయి. అరచేయి ఆనిస్తే చల్లగా, తడిగా తగులుతుంది. గోరుతో గీరితే ఉప్పు రాలుతుంది.

అయితే ఆషాఢమని నేను చెప్పిన మాట తెలుగునేల అంతటికీ ఒకే తీరున వర్తించదు. నెల్లూరు సీమలో పెద్దవానలు ఈశాన్యఋతుపవనంతో, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురుస్తాయి. అక్కడివారు కార్తీకంలో ఇల్లు చూడవలెను. విశాఖపట్టణవాసులకు 2014 అక్టోబరు 12వ తేదీ జ్ఞాపకమే. హుద్‌హుద్ తుపాను వచ్చిన ఆ దినాన వానకంటె గాలి ఎక్కువ చేటు చేసినది. సముద్రం ఎదుట ఇల్లు చూచేవారు కిటికీల చట్రాల పటుత్వాన్ని, వాటి అంచుల్లోనుండి నీరు కారిన చారలను పరీక్షించవలెను. ఎక్కడివారైనా తమ ప్రాంతంలో జోరువాన పడే మాసమేదో, ఆ మాసంలో ఇల్లు చూడవలెనన్నదే నా తాత్పర్యం.

వాన చూపని దోషాలు రెండు ఉన్నవి. వాటిని ఎండాకాలమే చూపుతుంది. మొదటిది నీటి ఎద్దడి. వానలు వెలిసిన మార్గశిరంలో భూగర్భజలం పైకి వచ్చి ఉంటుంది. మీట నొక్కితే బోరు పుష్కలంగా పోస్తుంది. అదే బోరు చైత్రవైశాఖాలలో గాలి చప్పుడు చేస్తుంది. అప్పుడు ట్యాంకర్లే దిక్కు. ఎండాకాలం దాకా ఆగలేనివారు ఒక పని చేయవచ్చును. అపార్టుమెంటు అసోసియేషనువారి జమాఖర్చుల పుస్తకం అడిగి, ఏప్రిల్, మే నెలల పుటలు తిప్పండి. ట్యాంకర్లకు ఎంత చెల్లించినారో అక్కడ వ్రాసి ఉంటుంది. పుస్తకం చూపడానికి వెనుకాడితే దానినిబట్టి కూడా మీకొక సంగతి తెలుస్తుంది.

రెండవది పడమటి ఎండ. శీతకాలపు సాయంకాలాన పడమటిగదిలో వాలుకిరణాలు పడుతుంటే ఆ గదినే ముందు మెచ్చుకొంటాము. వైశాఖంలో ఆ గోడ సాయంకాలం దాకా కాలి, ప్రొద్దుగుంకిన తరువాత రాత్రి పదిగంటలకు చేయి ఆనించినా వెచ్చగానే ఉంటుంది. జ్యేష్ఠంలో మన ప్రాంతాలలో మధ్యాహ్నసూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. ఎండ రాదనుకొన్న ఉత్తరపు కిటికీనుండి కూడా ఎండ వస్తుంది. కొనబోయే ప్రాంతంలోనే ఒక ఏడాదిపాటు అద్దెకుండి, వానా ఎండా రెండూ అనుభవించి, ఆ తరువాత కొనగలిగినవారు నిజంగా అదృష్టవంతులు. అట్టి అవకాశమున్నవారు దానిని జారవిడువవద్దని నా ప్రార్థన.

ప్రభుత్వానికి వేరొక పంచాంగం ఉన్నది. రిజిస్ట్రేషనుకు ఆధారమైన మార్కెట్టు విలువలను సవరించేవేళ ప్రభుత్వం తిథివారాలు చూడదు. తెలంగాణలో 2021 జూలై 22 నుండి కొత్త విలువలు అమలులోనికి వచ్చినవి. రిజిస్ట్రేషను ఖర్చు మొత్తంమీద నూటికి 6 నుండి 7.5కు పెరిగినది. అది ఆషాఢశుద్ధం. తరువాతి సవరణ 2022 ఫిబ్రవరి 1న జరిగినది. అది పుష్యబహుళ అమావాస్య. శ్రావణం వస్తుందిలే, మాఘం వస్తుందిలే అని ఆగినవారు ఆ కొద్దిదినాల తేడాకు ఎక్కువ సొమ్ము చెల్లించవలసివచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1న సవరణ జరిగినప్పుడు మాఘశుద్ధం. ముహూర్తాల కొరకు ఎదురుచూచినవారికి మాఘం రావడమూ, కొత్త విలువలు రావడమూ ఇంచుమించు ఒక్కసారే జరిగినది. కనుక సవరణ రాబోతున్నదన్న వార్త విన్నప్పుడు మంచిరోజు కొరకు ఆగడంలో ఎంత నష్టమున్నదో లెక్కవేసుకొని నిర్ణయించుకొండి.

దసరా దీపావళులకు వెలువడే ప్రకటనలను గూర్చి ఎక్కువ చెప్పను. "విజయదశమి లోపున బుక్ చేసుకొన్నవారికే" అన్న మాటకు లోబడి, ఇల్లు చూడకుండా సొమ్ము కట్టవద్దు. నిర్మాణంలో ఉన్న ఇంటి విషయంలో, 2016లో చేసిన రెరా చట్టం ప్రకారం, అగ్రిమెంటు వ్రాసి రిజిస్టరు చేయకుండా ధరలో నూటికి 10 పాళ్ళకు మించి అడ్వాన్సు తీసుకొనే హక్కు నిర్మాతకు లేదు. ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొంటే చాలును. నూటికి పది. అగ్రిమెంటు లేనిదే అంతకు మించి ఇవ్వకండి.

చివరగా, విదేశాలలో ఉద్యోగాలు చేసుకొంటూ సంక్రాంతికి స్వగ్రామం వచ్చే బిడ్డలకు ఒక మాట. మీకు సెలవు దొరికేది డిసెంబరు, జనవరి నెలలలో. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, వీధులు పొడిగా ఉంటాయి, బోరులో నీరుంటుంది, ఎండ హితంగా ఉంటుంది. ఏ ఇల్లు చూసినా ఆ నెలలలో మంచిదిగానే కనిపిస్తుంది. మీ వెంట మరికొందరు అదే సెలవులలో, అదే ఊరికి, అదే పనిమీద వచ్చి ఉంటారు కనుక బేరంకూడా బిగిసే ఉంటుంది. మీరు ఆ నెలలలో ఇండ్లు చూసి, నచ్చినవి రెండు మూడు ఏరి ఉంచుకొండి. బయానా ఇవ్వకండి. ఆషాఢంలో మంచివాన పడిన మరునాడు, మీ బాబాయినో మేనమామనో ఆ వీధికి వెళ్ళి, సెల్లారులోనికి దిగి, అక్కడినుండే మీకు ఫోనులో చూపించమనండి. ప్రక్కింటివారిని పలకరించి, నీరు ఎన్నో మెట్టు దాకా వస్తుందో కనుక్కోమనండి. ఆ సమాధానం విన్న తరువాత సొమ్ము పంపండి.